బెంచీ మీద సంతకాలమ్మ

భూమిని కొలిచే ఇనుప గొలుసులు తుప్పుపట్టి మూలపడి, వాటి స్థానంలో మూడుకాళ్ల యంత్రాలు వచ్చి, ఆ యంత్రాలకు కూడా వార్ధక్యం ముంచుకొచ్చి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలే పొలిమేరలకు సాక్ష్యం చెప్పే రోజులు వచ్చేదాకా, ఒకే భవనంలో, ఒకే మెట్లెక్కి, ఒకే కిటికీ పక్కన కూర్చుని, తన చూపు పడని కాగితం మీద యజమాని సంతకం పడకుండా కాపాడుతూ వచ్చిన ఒక ఇల్లాలిని, కాలం తన లెక్క మొత్తాన్ని ఒక్క మధ్యాహ్నంలోకి కుదించి అప్పజెప్పమని అడిగింది.

అది స్థలాలు కొలిచి పటాలు గీసిచ్చే సంస్థ. కింద ఒకే ఒక గది, పక్కనే నిటారుగా లేచే ఇరుకు మెట్లు, పైన పొడవైన హాలు. హాలు చివర ప్లైవుడ్ తడికతో వేరుచేసిన గదిలో యజమానులు కూర్చుంటారు. సంస్థను స్థాపించిన వృద్ధుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన కుమారుణ్ణి చిన్నాయన అంటారు. ఇల్లాలి అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. కాగితం ఆమె చేతి మీదుగా వెళ్తేనే సంతకం పడుతుంది కనుక ఆమె సంతకాలమ్మ అయింది. అద్దె ఒప్పందమైనా, కుర్చీల బిల్లైనా ఆమె చదివి, పెన్సిలుతో అంచున చిన్న గీత గీసి, "ఇక పెట్టండి" అంటేనే పెద్దాయన కలం మూత తీసేవాడు. సందేహం తీరని కాగితం ఉంటే మనిషిని మూడుసార్లు అడిగేది. మూడోసారికి ఎదుటివాడికే విసుగు పుట్టి నిజం చెప్పేవాడు.

ఆ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "మెట్లెక్కడం మానాలి. లేదంటే మొత్తం నడకే మానాల్సి వస్తుంది" అని చెప్పేశాడు. భర్త గడియారాలు బాగుచేసే మనిషి. చేతికి గడియారం కట్టేవాళ్లు తగ్గేకొద్దీ అతని బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంటోంది. కూతురు నర్సింగు చదువు సగంలో ఉంది. ఇంటి దూలం ఆమె ఉద్యోగం మీదే నిలిచి ఉన్నది. ఈ సంగతి తెలిసిన పెద్దాయన ఒకనాడు అందరి ముందూ అన్నాడు: "కింది గదిలో ఆ మెషీన్ ఖాళీ అయితే అమ్మాయి బల్ల అక్కడ వేయిద్దాం. అందాకా ఎలాగో ఓర్చుకోమనండి."

ఆ మెషీన్ దుప్పటంత వెడల్పు పటాలను అచ్చువేసే పెద్ద ప్రింటరు. అయిదేళ్ల కిందట లీజుకు తెచ్చారు. పెట్టె మెట్లమలుపులో పట్టక, ఎటు తిప్పినా ఎక్కక, చాలా వారాలు మెట్ల కిందే పడి ఉండి, చివరికి వచ్చేపోయేవాళ్లు కూర్చునే కింది గదిని ఖాళీచేయించి, నేలకు బోల్టులు దిగ్గొట్టించుకుని స్థిరపడింది. ఇప్పుడు పటాలన్నీ ఫోనుల్లోకి పంపమంటున్నారు. సిరా గడ్డకట్టకుండా వారానికొకసారి దాన్ని ఊరికే నడుపుతారు. పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఆమె భర్తకు బాల్యమిత్రుడు, ఆఫీసులో అందరికీ బాబాయ్. ఆయన ఆ పని చేసినప్పుడల్లా, "ఐసీయూలో ఉన్న మావగారిని చూసొచ్చాను వదినా. ఊపిరుంది, ఉపయోగం లేదు" అని చెప్పేవాడు.

లీజు పత్రంలో ఒక మెలిక ఉంది. అయిదేళ్ల గడువు ముగియడానికి నెల ముందే, వద్దని రాసిన నోటీసు లీజుకిచ్చిన కంపెనీ ఆఫీసుకు చేరాలి. చేరకపోతే మరో అయిదేళ్లు దానంతటదే కొనసాగుతుంది. అలాంటి మెలికలను పట్టడమే సంతకాలమ్మ పని. పట్టింది కూడా. నోటీసుకు చివరి రోజు ఎప్పుడో తేల్చి, ఒక చీటీ రాసి చిన్నాయన చేతికిచ్చింది. కానీ జీవితంలో మొదటిసారి ఆ చీటీ సంగతి రెండోసారి అడగలేదు.

ఎందుకడగలేదంటే, మెషీన్ వెళ్లిపోతే గది తనది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ లీజు మాట ఎత్తబోయినప్పుడల్లా ఆమె చెయ్యి తన మోకాలి మీదికే పోయేది. ఆ కంపెనీ ఏజెంటు వస్తాడు, మాట్లాడదాం అని చిన్నాయన అన్నాడు. ఏజెంటు రేపన్నాడు, ఎల్లుండన్నాడు. ఈలోగా చివరి రోజు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నమే అతనూ వస్తానన్నాడు.

ఆ ఉదయం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటుంటే గడపలో కూర్చున్న అత్తగారు అందుకుంది.

"ఇవాళతో నీకు కింది గది వస్తుందటగా? ఇక నా కొడుక్కి రాత్రిళ్లు నీ కాళ్లకు తైలం రాసే ఉద్యోగం ఊడుతుంది. ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడితే వాడేమైపోవాలే?"

"నవ్వకండి అత్తయ్యా. గది కోసమే లీజు వద్దంటున్నానని అంటారేమో."

"అననీ. కుండలకు మూతలుంటాయి గానీ నోళ్లకుంటాయా?"

"వాళ్లు అనడం కాదు. నాకే అనిపిస్తోంది. మోకాళ్ల నొప్పి లేకపోయినా ఇలాగే చెప్పేదాన్నా అని."

అత్తగారు ఒక క్షణం ఊరుకుంది. ఆ ఇంట్లో అదే పెద్ద విశేషం. "ఆ ప్రశ్న వేసుకున్నదానివి తప్పు చెప్పవులే. వెళ్లు. మెట్లు మెల్లిగా ఎక్కు. గోడ పట్టుకో, గొప్ప పట్టుకోకు" అంది.

ఆ మాటలోని చివరి భాగం ఎంత లోతైనదో సంతకాలమ్మకు అప్పుడు తోచలేదు.

ఆ సంస్థలో ఒక ఆచారం ఉండేది. ఒక నిర్ణయం వల్ల ఎవరికి సొంత లాభముందో, వారు ఆ చర్చ జరిగేటప్పుడు గది వెలుపల బెంచీ మీద కూర్చోవాలి, నోరు విప్పకూడదు. పెద్దాయనే పెట్టిన నియమమది. తన తమ్ముడి బిల్లు చర్చకు వచ్చిన నాడు తానే వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని, లోపల గుమాస్తాలు దాన్ని తగ్గిస్తుంటే తల వంచుకుని విన్నాడట. కొడుకు జీతం నిర్ణయించిన నాడు తండ్రీకొడుకులిద్దరూ అక్కడే పక్కపక్కన కూర్చున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ తన బావమరిది ఉద్యోగం అడిగిన నాడు కూర్చుని, అక్కడే నిద్రపోయి, బావమరిదికి ఉద్యోగం రాలేదన్న సంగతి మర్నాడు తెలుసుకున్నాడు. ఆ చెక్క మీద అందరి ధర్మమూ ఎప్పుడో ఒకప్పుడు తూకానికి కూర్చున్నదే.

మధ్యాహ్నం ఎండ వాలుముఖం పట్టాక ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తళతళలాడే కొత్త మెషీన్ బొమ్మల పుస్తకం. పెద్దాయన, చిన్నాయన, డ్రాఫ్ట్స్‌మన్ కూర్చున్నారు. సంతకాలమ్మ లీజు పత్రం బల్ల మీద పెట్టింది. చిన్నాయన ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు. అతను అనకముందే ఆమె అంది:

"ఇందులో నాకు లాభముంది. నేను బయట కూర్చుంటాను."

పెద్దాయన తల ఊపాడు. ఆమె వెళ్లి బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నాక ఒక తృప్తి కలిగింది: ఎవరూ చెప్పకముందే తానే లేచి వచ్చినందుకు. ఆ తృప్తిలోనే ప్రమాదమున్నది. శుచిగా ఉన్నామన్న భావం కూడా ఒక భోగమే. స్నానం చేసినవాడు తన ఒంటిని తానే చూసుకుని మురుస్తూ నిలబడిపోతే, పక్కన కాలుతున్న ఇల్లు కనిపించదు. లోపలున్న ముగ్గురిలో ఆ పత్రాన్ని చివరిదాకా చదివినవారు ఒక్కరూ లేరన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తుకు రాలేదు.

తడిక పలచనిది. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"మీరు ఆలస్యం చేశారు సార్" అంటున్నాడు ఏజెంటు. "నోటీసు టైము అయిపోయింది. మీరు సంతకం పెట్టి అయిదేళ్లు నిండొస్తున్నాయి. వద్దన్నా ఇక అది నడుస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. ఎలాగూ తప్పనప్పుడు, ఈ కొత్త కాగితం మీద సంతకం పెట్టండి, పాతది తీసేసి కొత్త మెషీన్ ఇప్పిస్తాను. మీ మంచికే చెబుతున్నా."

"అయిపోయిందా?" చిన్నాయన గొంతులో కంగారు. "ఎప్పుడు?"

"మొన్నటి నెల్లోనే సార్."

బెంచీ మీద సంతకాలమ్మ వెన్ను నిటారుగా లేచింది. ఆ మాట తప్పు. గడువు సంతకం నాటి నుంచి లెక్క కాదు. మెషీన్ బిగించి నడిపిన నాటి నుంచి. పెట్టె మెట్ల కింద పడున్న వారాలన్నీ లెక్కలోంచి పోతాయి. ఇవాళ సాయంత్రం కంపెనీ తలుపులు మూసేదాకా సమయముంది. తాను రాసిచ్చిన చీటీలో ఉన్నది అదే.

"అక్కయ్య ఏదో చీటీ ఇచ్చింది..." చిన్నాయన సొరుగులు లాగుతున్న చప్పుడు. "ఎక్కడ పెట్టానో."

"వదినని ఒక్క మాట అడిగితే పోలా?" డ్రాఫ్ట్స్‌మన్ గొంతు.

"నాన్నగారి నియమం కదా బాబాయ్. బయటున్నవాళ్లని అడగకూడదు."

అందరూ పెద్దాయన మాట కోసం ఆగారు. ఆయన అన్నాడు: "అమ్మాయి తనంతట తానే వెళ్లి కూర్చుంది. కూర్చోనీ. ఒకరికోసం వంచితే అది నియమం కాదు."

"అయితే తప్పదంటారా?"

"తప్పకపోతే కొత్తదైనా తీసుకో మరి."

కలం మూత తీసిన చిన్న శబ్దం. ఇన్నేళ్లుగా ఆ శబ్దం తన "ఇక పెట్టండి" తరువాతే వినబడేది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఊరుకుంటే సంస్థ మరో అయిదేళ్లు అవసరం లేని బరువు మోస్తుంది. మెట్లెక్కలేక తాను త్వరలోనే రాజీనామా రాయాలి. మాట్లాడితే సంస్థ బయటపడుతుంది. కానీ పెద్దాయన జీవితమంతా కాపాడుకున్న నియమాన్ని తన మోకాళ్ల కోసం తెంచిన మనిషిగా మిగులుతుంది. ఆ తరువాత తాను గీసే ఏ పెన్సిలు గీతకు విలువుంటుంది? దేవుణ్ణి తలుచుకుంది. తలుచుకుంటే జవాబు రాలేదు; ప్రశ్న మాత్రం తేటపడింది. నోరు కట్టేసింది నియమం కాదు, లాభం. లాభం ఉన్నంతవరకే బెంచీ.

గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గరకు వెళ్లి, గడప దాటకుండా నిలబడింది.

"అమ్మాయ్" అన్నాడు పెద్దాయన తలెత్తకుండానే. "బెంచీ మీదున్నవాళ్లు మాట్లాడకూడదు."

"తెలుసండి. అందుకే దిగి వచ్చాను."

"దిగడం నీ ఇష్టమా?"

"నా లాభం వదిలేస్తే నా ఇష్టమేగా? మెషీన్ ఉన్నా, పోయినా ఆ కింది గది నాకొద్దు. ఈ ఏడాదికని కాదు, ఎప్పటికీ. మీ ముగ్గురి ముందూ చెబుతున్నాను."

కలం పట్టుకున్న చిన్నాయన చెయ్యి గాలిలోనే ఆగింది. "అక్కయ్యా! డాక్టరేమన్నాడో మర్చిపోయావా?"

"డాక్టరు చెప్పింది మోకాలి సంగతి. ఇది మాట సంగతి."

పెద్దాయన ఇప్పుడు తలెత్తాడు. ఆ చూపులో ఒక న్యాయాధికారీ ఉన్నాడు, ఒక తండ్రీ ఉన్నాడు. "తెలిసే అంటున్నావా? అన్నాక నేను వెనక్కి తీసుకోనివ్వను."

"తెలిసే అంటున్నాను. ఇక లోపలికి రావచ్చా?"

"రా."

ఆమె గడప దాటింది. కూర్చోకుండానే పత్రం తెరిచి, తాను గీసిన పెన్సిలు గీత చూపింది. "లెక్క మెషీన్ బిగించి నడిపిన రోజు నుంచి. కింద ఆ రోజు తేదీ వేసి మీ కంపెనీ మనిషి పెట్టిన సంతకమే ఉంది నాయనా, చూడు. పెట్టె మెట్ల కింద ఎన్నాళ్లు పడుందో గుర్తుందా బాబాయ్?"

"గుర్తుండకేం? దాని మీద గుడ్డ పరుచుకుని భోజనాలు చేశాం!" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. "నా కూర ఒలికిన మరక కూడా ఉండాలి."

ఏజెంటు పత్రం చూశాడు, ఫోను తీశాడు, కిటికీ వైపు వెళ్లి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి మెడ చుట్టూ కాలరు తడిసింది. "మా సిస్టంలో సంతకం తేదీయే ఉంది సార్. నాకు చూపించింది అదే. అబద్ధం చెప్పలేదు."

"అబద్ధమని నేనన్నానా?" అంది సంతకాలమ్మ. "నోటీసు నీకిస్తే చెల్లుతుందా?"

"చెల్లదండి. ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకోవాలి. అయిదింటికి మూసేస్తారు. నేను ఫోను చేసి ఆగమంటే ఆగరు, మేడమ్. నా మాట అక్కడ అంత నడిస్తే నేనిలా మెట్లెక్కి తిరుగుతానా?"

చిన్నాయన కొత్త కాగితం కేసి ఆశగా చూశాడు. ఆమె ఆ చూపును పట్టింది. "కొత్త మెషీన్ కావాలనుకుంటే వచ్చే నెల కావలసినంత తీరిగ్గా తీసుకోండి తమ్ముడూ. వద్దని నేననను. తప్పదనుకుని తీసుకోవద్దు, అంతే."

చిన్నాయన తానే కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆమె చెబుతుంటే టైపు చేశాడు. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాడు. పెద్దాయన కలం తీసి, అలవాటు చొప్పున ఆమె వైపు చూశాడు.

"ఇక పెట్టండి" అంది.

డ్రాఫ్ట్స్‌మన్ కాగితం చొక్కా లోపల దాచుకున్నాడు. చిన్నాయన స్కూటరు తీశాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, సంతకాలమ్మ అప్పుడు కూర్చుంది. ఏజెంటు వెళ్లలేదు, తన పుస్తకాన్ని మూసి ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే విద్యార్థిలా అక్కడే ఉండిపోయాడు. పెద్దాయన కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. గోడ గడియారం ముల్లు కదులుతున్నదో, ఆగిందో తెలియలేదు. అయిదు దాటింది. ఫోను మోగలేదు. ఇంకా కొంత దాటింది. ఎవరూ ఎవరినీ చూడలేదు.

మోగింది. సంతకాలమ్మ తీసింది. అవతల రొప్పు తప్ప మాట లేదు.

"బాబాయ్, చెప్పు!"

"షట్టరు... సగం దించేశాడు వదినా. కిందనుంచి దూరాను. ఈ వయసులో, ఈ పొట్టతో! చిన్నాయన వెనకనుంచి తోశాడు. లోపలున్నాయన భయపడిపోయి, తిట్టి, ముద్ర వేశాడు. వేశాడు వదినా!"

ఆమె ఫోను పెట్టి, "ముద్ర పడింది" అని మాత్రం అంది. ఏజెంటు లేచి, చేతులు జోడించి వెళ్లిపోయాడు. పెద్దాయన కళ్లు తెరిచాడు. "గది సంగతి..." అన్నాడు.

"వద్దండి."

"అడగబోయింది అది కాదు. నీ మాట నిలబెట్టే భారం నాదని చెప్పబోయాను" అన్నాడు.

గడువు తీరాక మెషీన్ వెళ్లిపోయింది. గది ఖాళీ అయింది. కొన్ని వారాలపాటు సంతకాలమ్మ ఆ ఖాళీ గది పక్క నుంచే మెట్లెక్కింది: ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్లీ. పై నుంచి చిన్నాయన ఆ అడుగుల చప్పుడు వినేవాడు. వినలేక ఒకరోజు సెలవు పెట్టాడు. మరొకరోజు తండ్రి దగ్గరకు వెళ్లి వాదించాడు. తండ్రి కదలలేదు. నెలాఖరు దగ్గరపడింది. ఆమె రాజీనామా కాగితం రాసి తెచ్చింది.

దాన్ని చదవకుండానే చిన్నాయన బల్ల మీద బోర్లించి పెట్టాడు. "అక్కయ్యా, గది తీసుకోనన్నావు. పని తీసుకోనని ఎప్పుడైనా అన్నావా?"

"అనలేదు."

"మరి మెట్లు కాగితాలే దిగుతాయి. బాబాయి మీ ఇంటి మీదుగానే కదా వెళ్లేది? సాయంత్రం ఇచ్చిపోతాడు, ఉదయం పట్టుకొస్తాడు. నువ్వు గీత గీయందే నేను సంతకం పెట్టను. చీటీలు పారేసే అలవాటు కూడా మానేశాను."

ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన కొడుకు వైపు, ఆ పిమ్మట బోర్లించిన కాగితం వైపు చూసి, "ఇందులో నువ్వు వద్దన్నది ఏమీ లేదు" అన్నాడు. నవ్వలేదు గానీ, నవ్వినవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ విధంగా ఆఫీసు ఆమె ఇంటి ముందుగదిలోకి వచ్చింది. అది పూర్తి సుఖమని చెప్పడానికి వీల్లేదు. హాల్లోని కబుర్లూ, కిటికీ పక్క చోటూ పోయాయి. ఒంటరిగా చదివే కాగితం బరువు ఎక్కువ. అయితే అత్తగారు ఉండగా నిశ్శబ్దం ఎక్కడిది? డ్రాఫ్ట్స్‌మన్ ఫైళ్లు దించగానే ఆవిడ కేకేస్తుంది: "వచ్చాడమ్మా షట్టరు కింద దూరిన వీరుడు! ఒరే, ఆ కాగితాలు నా పడక మీద పెట్టకు. లీజు రాయించుకుంటాను."

గడియారాల బల్లా, కాగితాల బల్లా ఇప్పుడు ఒకే దీపం కింద పక్కపక్కనే ఉన్నాయి. భర్త చిన్న చక్రాన్ని పట్టకారుతో ఎత్తి పెడుతుంటే, ఆమె పెన్సిలు అంచు మీద ఆగుతుంది. లాభాన్ని వదిలి మాటను నిలుపుకున్న ఆ తల్లి మోకాళ్లకు పరమేశ్వరుడు బలమిచ్చుగాక. ఆమె చూపు మసకబారకుండుగాక. ఆమె భర్త చేతికి పనీ, కూతురి చేతికి రోగుల దీవెనా, అత్తగారి నాలుకకు పదునూ తరగకుండుగాక. ఆ ఇంటి గడప దాటి వచ్చేవారికి సత్యమూ, దాటి వెళ్లేవారికి శాంతీ కలుగుగాక.